కీచురాయి హితవు – తండ్రి కోటు

బాలసాహిత్యానికి వినోదం ప్రధానమా, నీతి ప్రధానమా అనే వాదం నేటిది కాదు. ఈ రెండింటినీ వేరుచేసి తూచడమే పొరపాటని నా అభిప్రాయం. ఇటలీ రచయిత కార్లో కొల్లోడి రచనే ఇందుకు నిదర్శనం.

1826లో ఫ్లోరెన్సు నగరంలో జన్మించిన ఈయన అసలు పేరు కార్లో లొరెంజీని. తల్లి స్వగ్రామం పేరును కలం పేరుగా స్వీకరించారు. పత్రికా రచయిత, 1848, 1859 స్వాతంత్ర్య సమరాలలో సైనికుడు. బాలలకు పాఠ్యగ్రంథాలూ రచించారు. అయితే ఆయనకు విశ్వఖ్యాతి తెచ్చినది 1881లో ఒక పిల్లల పత్రికలో ధారావాహికగా మొదలై, 1883లో గ్రంథరూపం దాల్చిన ‘పినోకియో’.

మొదట 15వ ప్రకరణంలో కొయ్యబొమ్మ ఉరితోనే కథ ముగిసింది. తప్పుకు శిక్ష పడింది, నీతి పూర్తయింది! కాని 1882లో కథ తిరిగి సాగి 36 ప్రకరణాలకు విస్తరించింది. దండించడంతో ఆగిన కథకు, దిద్దుకొనే అవకాశమిచ్చిన కథకు గల అంతరం ఇక్కడే గోచరిస్తుంది.

మాట్లాడే కీచురాయి పినోకియోకు హితవు చెబుతుంది. ఫలితం? సుత్తి దెబ్బకు గోడకు అతుక్కుపోతుంది. తండ్రి జెప్పెటో మాత్రం ఉపన్యాసమివ్వడు. మంచు కురిసే వేళ తన కోటు అమ్మి అక్షరమాల పుస్తకం తెస్తాడు. కోటు ఏదని అడిగితే, ఉక్కగా ఉందని అమ్మేశానంటాడు. ఆ పుస్తకాన్ని కూడా పినోకియో బొమ్మలాట చూడడానికి అమ్ముకొంటాడు. అయినా చేతికి బంగారు నాణేలు రాగానే అతనికి మొదట స్ఫురించేది తండ్రికి కొత్త కోటు! చివరకు, తన దుస్తులకై కూడబెట్టిన 40 సోల్దీలను వ్యాధిగ్రస్త అయిన దేవకన్యకు పంపిన రాత్రే అతడు నిజమైన బాలుడవుతాడు.

హితవు విఫలమైన చోట త్యాగం ఫలించింది. అదైనా వెంటనే కాదు, ఎన్నో తప్పటడుగుల తరువాత.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మన రుసుముల వెనుక ఎవరి కోటు అమ్ముడుపోయిందో ఒక్కసారి యోచించండి. కళాశాల సంఘం పెద్దలకు నాదొక మనవి. నీతిబోధ జరగవలసినదే, దానితోపాటు గ్రంథాలయంలో కథల పుస్తకాలకూ సముచిత స్థానం కల్పించండి. కథలు చదవడం కాలక్షేపమని నిరసించవద్దు. కీచురాయి వంద మాటలలో చెప్పలేకపోయినది ఆ పాతకోటు చెప్పగలిగింది.