లెక్క ఇక్కడే ఉంచండి

పిల్లలూ, చలికాలం రాగానే సూదితోక బాతులు గుజరాత్ చెరువుల్లోనూ, మన కొల్లేటిలోనూ దిగుతాయి. వాటి దారి మొదట తెలిసింది కాలి ఉంగరాలతోనే. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1927లోనే ఆ పని మొదలుపెట్టింది. ఉంగరం మీద నంబరు, చిరునామా ఉంటాయి. ఎక్కడో సైబీరియాలో పక్షి దొరికినవాళ్లు ఉత్తరం రాస్తేనే సంగతి తెలిసేది. ఇప్పుడు ట్రాన్స్‌మీటర్ కడితే ఉపగ్రహమే చెబుతుంది. ఖరీదెక్కువ, కొన్ని పక్షులకే.

మిగతావాటిని మనుషులే లెక్కపెట్టాలి, అదే చెరువు దగ్గర, ఏటేటా. బదిలీల ఇళ్లలో ఈ వరసే తెగిపోతుంది (నాకూ ఇది ఎన్నో ఊరో!). అమ్మకో నాన్నకో ఆర్డరు రాగానే నోటుపుస్తకం ట్రంకుపెట్టెలోకి పోతుంది. గవియర్ చెరువు దగ్గర తేదీ వేసి రాసుకున్న లెక్కకు నకలు తీసుకువెళ్లండి, అసలు లైబ్రరీలో ఇవ్వండి. వచ్చే డిసెంబరులో మీ బెంచీలో కూర్చునేవాళ్లకు మీరెక్కడ ఆపారో తెలియాలి కదా.