చిప్‌లు, జన్యువులు, మనిషి: వైద్యం ఎక్కడ ఆగాలి?

2024 జనవరిలో ఎలాన్ మస్క్‌కు చెందిన న్యూరాలింక్ సంస్థ తొలిసారి ఒక మనిషి మెదడులో చిప్ అమర్చింది. భుజాల కింద శరీరం చచ్చుబడిన ఆ యువకుడు కేవలం ఆలోచనతోనే కంప్యూటర్‌లో చెస్ ఆడాడు. ఇది వైద్యం, దీన్ని కాదనేవాళ్లు తక్కువ. కానీ మస్క్ అక్కడితో ఆగాలనుకోవడం లేదు. మనిషి మెదడును కృత్రిమ మేధతో కలపాలని ఆయన బహిరంగంగానే చెబుతున్నారు.

ఈ ధోరణినే ట్రాన్స్‌హ్యూమనిజం అంటారు. ఈ పదాన్ని 1957లో బ్రిటన్ శాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ ప్రచారంలోకి తెచ్చారు. ముసలితనం, చివరికి మరణం కూడా మనిషి దాటాల్సిన లోపాలేనని నేడు దీన్ని సమర్థించే చాలామంది వాదన.

యంత్రం కాబట్టి వద్దని ఇస్లాం చెప్పదు. ఇస్లాంకు ముందు జరిగిన ఒక యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టుకుంటే దుర్వాసన వచ్చింది. అప్పుడు బంగారు ముక్కు పెట్టుకోమని ప్రవక్త (స) చెప్పారని హదీసు గ్రంథాల్లో ఉంది. మగవాళ్లకు బంగారం నిషిద్ధమైనా అవసరం ముందు అనుమతి దొరికింది. తెలుగు రాష్ట్రాల్లో పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద చేసే కాక్లియర్ ఇంప్లాంట్ కూడా ఇలాంటి సాయమే.

చిక్కు వచ్చేది ఈ గీత దాటినప్పుడే. 2018లో చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయ్ పిండం దశలోనే జన్యువులు మార్చి కవల ఆడపిల్లలు పుట్టేలా చేశారు. వాళ్లకు ముందుముందు హెచ్‌ఐవీ సోకకూడదన్నది ఆయన చెప్పిన కారణం. అంటే లేని జబ్బుకు చేసిన మార్పు అది. పైగా అది వాళ్ల పిల్లలకూ సంక్రమించవచ్చు. చైనా కోర్టు ఆయనకు 3 ఏళ్ల జైలుశిక్ష వేసింది.

మరో ప్రశ్న డబ్బుది. 2023లో అమెరికా అనుమతించిన సికిల్ సెల్ జన్యు చికిత్స క్యాస్‌జెవీ ధర 22 లక్షల డాలర్లు. జబ్బు మందుకే ఇంత ఖర్చయితే, రేపు జ్ఞాపకశక్తి, తెలివి అమ్మకానికి వస్తే కొనగలిగేది ఎవరు? కొనలేని ఇంటి పిల్లాడిని బడిలో, ఉద్యోగంలో తక్కువ మనిషిగా చూడరని హామీ ఏముంది?

ఇస్లాం దృష్టిలో ఆదం సంతతికి గౌరవం అల్లాహ్ ఇచ్చిందే తప్ప తెలివితో సంపాదించుకున్నది కాదు. మతిమరుపుతో మంచం పట్టిన దాదీ, మాటలు రాని బిడ్డ కూడా పూర్తి మనుషులే. కొత్త టెక్నాలజీ ఏది వచ్చినా, అది పోయిన శక్తిని తిరిగి ఇస్తోందా, లేక మనుషుల్లో ఎక్కువ తక్కువలు పుట్టిస్తోందా అన్నది ముందు చూడాలి.