తీగెకు రంగు ఎందుకు?

పిల్లలూ! మీ మేనబావ అమెరికా నుంచి సెలవులకు వచ్చాడనుకోండి. అతను అక్కడే పుట్టి పెరిగినవాడు. ఇంట్లో చిన్న చిన్న మరమ్మతులు తనే చేసుకోవటం అతనికి అలవాటు. మీ వసారాలో ఉన్న బల్బుకు విడిగా స్విచ్చి లేదు.

"ఓస్, ఇంతేగదా!" అని బావ మెయిను ఆపి, బల్బుకు వెళ్ళే రెండు తీగెలలో నల్లదాన్ని కత్తిరించి, ఆ కొనలు రెండూ స్విచ్చికి బిగించాడు. స్విచ్చి వేస్తే బల్బు వెలిగింది, ఆపితే ఆరింది. అందరూ మెచ్చుకున్నారు.

నాలుగు రోజులకు బల్బు మాడిపోయింది. నాన్నగారు స్విచ్చి ఆపి, చెక్క స్టూలు ఎక్కి, కొత్త బల్బు పెట్టబోయారు. వేలు హోల్డరు లోపల తగిలి చెయ్యి జిల్లుమన్నది! ఎండిన చెక్క మీద నిలబడ్డారు గనక అంతటితో పోయింది. తడి నేల మీద ఉంటే ప్రాణానికే ముప్పు.

స్విచ్చి ఆపే ఉన్నది. మరి కరెంటు ఎక్కణ్ణించి వచ్చింది?

పొలానికి నీరు పెట్టటం చూశారుగదా! కాలువ దగ్గర తూము మూస్తే పొలంలోకి నీరు రాదు. అలాకాక తూము తెరిచే ఉంచి, నీరు బయటికి పోయే గండి మూస్తే? పారుదల ఆగుతుంది, కాని మడి నిండా నీరు నిలిచే ఉంటుంది. వసారాలో జరిగిందీ ఇదే.

కరెంటును ఇంట్లోకి తెచ్చేది ఫేజు తీగె. తిరుగుదారి న్యూట్రల్ తీగె. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మరు దగ్గర భూమికి కలుపుతారు. స్విచ్చి ఎప్పుడూ ఫేజు తీగెలోనే ఉండాలి. అప్పుడు స్విచ్చి ఆపితే హోల్డరుదాకా కరెంటు రాదు. బావ దాన్ని న్యూట్రల్‌లో పెట్టాడు. బల్బు ఆరింది గాని, ఫేజు తీగె హోల్డరులో కాచుకునే ఉన్నది.

ఐతే బావ తెలివితక్కువవాడా? కానే కాదు! అమెరికా ఇళ్ళలో నల్ల తీగే ఫేజు, తెల్లది న్యూట్రల్. మన ఇళ్ళ గోడలలో ఎర్రది ఫేజు, నల్లది న్యూట్రల్, ఆకుపచ్చది భూమికి పోయే ఎర్తు తీగె. మూడు ఫేజులున్న చోట అవి ఎరుపు, పసుపు, నీలం. అక్కడ ప్రమాదమైన రంగే ఇక్కడ తిరుగుదారి. బావ తనకు తెలిసిన రంగును నమ్మాడు, అంతే!

రంగులేకాదు, వోల్టులు కూడా వేరే. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. మూడు ఫేజులలో ఏ రెండింటి మధ్య చూసినా సుమారు 400 వోల్టులుంటాయి. "రెండు 230లు కలిపితే 460 కావాలిగదా?" అంటారేమో. ఆ మూడు ఫేజుల అలలూ ఒకేసారి లేవవు. ఒకటి లేచిన తరవాత సెకనులో 150వ వంతుకు రెండోది, మరో 150వ వంతుకు మూడోది లేస్తాయి. అందుచేత 230ని 2తో కాక 1.732తో హెచ్చించాలి. సుమారు 400 వస్తుంది.

అమెరికా ఇళ్ళలో సంగతి వేరు. అక్కడ ట్రాన్స్‌ఫార్మరు చుట్ట నడుమ నుంచి న్యూట్రల్ తీస్తారు. ఆ నడుమ నుంచి ఏ కొనకు చూసినా 120 వోల్టులు. ఒక కొన పైకి లేచినప్పుడు రెండోది సరిగ్గా కిందికి దిగుతుంది గనక, ఆ రెండు కొనల మధ్య 240 ఉంటుంది. దీపాలకు 120, పెద్ద పొయ్యిలకు 240 వాడుతారు. అక్కడ 120 వోల్టులకు చేసిన ఇస్త్రీపెట్టెను మన 230కి తగిలిస్తే, మూడున్నర రెట్లకు పైగా వేడి పుట్టి మాడిపోతుంది.

యూరప్‌లోనూ ఒకప్పుడు ఇలాటి చిక్కే ఉండేది. బ్రిటన్‌లో ఎర్రది ఫేజు. జర్మనీలో పూర్వం ఎర్రది ఎర్తు! ఒక దేశపు యంత్రం మరొక దేశానికి వెళితే ఎంత ప్రమాదమో ఆలోచించండి. అందుకే అందరూ ఒక మాట అనుకున్నారు: ఫేజు గోధుమరంగు, న్యూట్రల్ నీలం, ఎర్తు ఆకుపచ్చ మీద పసుపు చార. చార ఎందుకంటే, కొందరికి ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. చార ఐతే వాళ్ళూ గుర్తుపడతారు. బ్రిటన్‌లో ఇళ్ళ గోడలలోని తీగెలకు ఈ రంగులు 2004లో మొదలై, 2006 నుంచి తప్పనిసరి అయాయి.

ఈ రంగులు మన మిక్సీల తాళ్ళలో కూడా కనిపిస్తాయి. కాని జాగ్రత్త! తాడులో నీలం న్యూట్రల్. గోడలో నీలం మూడు ఫేజులలో ఒకటి కావచ్చు. ఒకే ఇంట్లో ఒకే రంగుకు రెండు అర్థాలన్నమాట!

ఎర్తు తీగె సంగతి కూడా చెప్పాలి. మూడు కాళ్ళ ప్లగ్గులో లావుపాటి కాలు ఎర్తుది. అది పొడుగు కూడా. అందుచేత ప్లగ్గు పెట్టేటప్పుడు అదే ముందు తగులుతుంది, తీసేటప్పుడు చివర వదులుతుంది. ఇస్త్రీపెట్టె లోపల తీగె చెడి ఇనుముకు తగిలితే, కరెంటు ఎర్తు దారిన పోయి ఫ్యూజు ఎగురుతుంది, మనం బతుకుతాం. ఆ కాలు విరిచి రెండు కాళ్ళతో వాడేవాళ్ళు తమ కాపలావాణ్ణి తామే వెళ్ళగొట్టినట్టు!

రంగు ఒక గుర్తు మాత్రమే. పని చేసినవాడు చేతికి దొరికిన తీగె వేసి ఉండవచ్చు. అందుకే మంచి ఎలక్ట్రీషియను మెయిను ఆపిన తరవాత కూడా టెస్టరుతో చూడందే ఏ తీగెనూ ముట్టడు.

మీరు మాత్రం ఏ బోర్డూ విప్పకండి. ఇంట్లోని వస్తువుల వెనక అతికిన చీటీలు చదవండి. "100-240" అని ఉన్న ఫోను చార్జరు రెండు దేశాలలోనూ పనిచేస్తుంది. "120" అని మాత్రమే ఉన్న వస్తువు కనిపిస్తే, ప్లగ్గులో పెట్టకముందే నాన్నగారికి చెప్పండి. ఒక వస్తువును, బహుశా ఒక మనిషిని కూడా, కాపాడినవాళ్ళవుతారు.