సాఫ్ట్‌వేర్‌కూ కౌలేనా?

కౌలు రైతు బిడ్డ చదువుకునే కాలేజీ సాఫ్ట్‌వేర్‌కూ ఏటేటా కౌలు కట్టాలా? కడితే ఆ భారం ఫీజులో పడుతుంది, కట్టకుంటే దొంగ కాపీయే గతి. రెండూ అక్కరలేదని బొంబాయి ఐ.ఐ.టి. చేసి చూపింది. కేంద్ర విద్యాశాఖ నిధులతో అక్కడ మొదలైన ‘ఫాసీ’ పథకం ఖరీదైన మ్యాట్‌లాబ్‌కు బదులు సైలాబ్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను కాలేజీలకు అలవాటు చేస్తోంది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి రాతను చదివి మార్చుకోవచ్చు, పక్కవాడికీ ఇవ్వవచ్చు. పాఠ్యపుస్తకాల్లోని లెక్కలను సైలాబ్‌లో చేసిచ్చిన విద్యార్థులకు పారితోషికం సైతం ముట్టింది. అదే సంస్థలో పుట్టిన ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ ఉచితమే గాని బోధన కాదు. అధ్యాపకులకు శిక్షణ ఇప్పించాలి. లైసెన్సులకు పోసే సొమ్ములో కొంత అందుకు చాలు. ప్రాక్టికల్ పరీక్షకు ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేరే వాడాలన్న నిబంధన ఎక్కడున్నా విశ్వవిద్యాలయాలు వచ్చే విద్యాసంవత్సరానికల్లా తొలగించాలి.