మిషను చేతులు – పసిబిడ్డ పేగు



ఈ మధ్య సంఘ దర్శనములకు వెళ్లినప్పుడు ఒకే ప్రశ్న రెండు మూడు చోట్ల ఎదురైంది. రోబోటు అనే మిషను పసిపిల్లల పేగులకు ఆపరేషను చేస్తున్నట్టు ఫోనులో చూశారట. "అయ్యగారూ, మిషనే కోస్తుందా? అది చేయించకపోతే బిడ్డకు అన్యాయం చేసినట్టేనా?" అని అడుగుతున్నారు. అడిగిన వారిలో ఒకరి ఇంట నిజంగానే అటువంటి బిడ్డ ఉన్నాడు. తండ్రి ఉన్న అరెకరం బేరం పెట్టే ఆలోచనలో ఉన్నాడు. అందుచేత ఈ నెల పేజీ దీనికే.

ముందు జబ్బు సంగతి తెలియాలి. దీని పేరు హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి. కోపెన్‌హాగెన్ నగరపు పిల్లల వైద్యుడు హెరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో బెర్లిన్ వైద్యుల సభలో ఇద్దరు పసిపిల్లల కేసులు వివరించాడు గనుక ఆయన పేరు నిలిచింది. సుమారు 5,000 కాన్పులలో ఒక బిడ్డకు వస్తుంది. ఆడపిల్లలలో కంటే మగపిల్లలలో దాదాపు నాలుగింతలు ఎక్కువ.

తల్లి గర్భంలో మొదటి మూడు నెలలలోనే నరాల కణాలు పేగు వెంబడి పైనుండి క్రిందికి దిగివస్తాయి. మలాన్ని ముందుకు నెట్టమని పేగుకు చెప్పేవి ఇవే. కొందరు పిల్లలలో ఇవి చివరి దాకా రాకుండా మధ్యలో ఆగిపోతాయి. నరాలు లేని ఆ చివరి ముక్క ఎప్పుడూ బిగుసుకొనే ఉంటుంది. కాలువ తూము మూసుకుపోతే ఏమవుతుంది? పైన నీరు నిలిచి గట్టు ఉబ్బుతుంది. ఇక్కడా అంతే. చూడటానికి ఉబ్బిన పేగే రోగిష్టిదిగా కనబడుతుంది. కాని అది మంచి పేగు. దాని క్రింద సన్నగా, మామూలుగా కనిపించే ముక్కలోనే దోషమున్నది. ఈ సంగతి వైద్యులకే చాలా ఏళ్లు అంతుబట్టలేదు. అమెరికాలో ఆర్వార్ స్వెన్సన్ అనే శస్త్రవైద్యుడు, నరాలు లేని ముక్కను తీసివేసి మంచి పేగును క్రిందికి లాగి మలద్వారం దగ్గర కుట్టే పద్ధతిని 1948లో ప్రకటించాడు. ఈనాటికీ ఆపరేషను మూలం అదే. రోబోటు చేసినా చెయ్యి చేసినా చేసేది ఆ పనే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక మిషను. అది తనంతట తాను ఏమీ కోయదు. డాక్టరుగారు కొంచెం ఎడంగా ఒక బల్ల దగ్గర కూర్చుని తెరలో చూస్తూ చేతులు కదిలిస్తారు. రోగి పక్కనున్న యంత్రపు చేతులు ఆ కదలికనే లోపల చేస్తాయి. మనిషి మణికట్టులా ఆ పనిముట్ల కొన తిరుగుతుంది, చేతి వణుకు లోపలికి పోదు, చూపు ఎన్నో రెట్లు పెద్దదిగా లోతుతో సహా కనబడుతుంది. పెద్దవారికోసం తయారైన 'డా విన్చీ' అనే రోబోటుకు అమెరికా ప్రభుత్వం 2000లో అనుమతి ఇచ్చింది. తరువాత పిల్లల వైద్యులు కూడా దానిని వాడటం మొదలుపెట్టారు. హిర్ష్‌స్ప్రంగ్ బిడ్డలకు దీనితో ఆపరేషను చేసి చైనా, ఇటలీ వైద్యులు తమ అనుభవాలు ప్రకటించారు.

అయితే పసిబిడ్డ కడుపు ఎంత? జానెడు కూడా లేదు. రోబోటు చేతులు ఒకదానికొకటి తగలకుండా రంధ్రాల మధ్య ఎడం కావాలి, అక్కడ ఆ చోటే లేదు. దాని పనిముట్లు ఎక్కువగా 8 మిల్లీమీటర్లవి. మామూలు లాప్రోస్కోపీలో పసిపిల్లలకు 3 మిల్లీమీటర్ల పనిముట్లే చాలు. అంటే ఈ పసివాడి విషయంలో రోబోటు గాటే పెద్దది! ఇంకొక మాట. ఈ పిల్లలలో నూటికి సుమారు ఎనభై మందికి దోషం చివరి ముక్కలోనే ఉంటుంది. అటువంటివారిలో చాలామందికి కడుపు మీద ఒక్క గాటైనా లేకుండా మలద్వారం గుండానే పని పూర్తి చేయవచ్చని మెక్సికో వైద్యులు 1998లో చూపించారు. మన దేశంలోనూ ఈ పద్ధతి తెలిసిన పిల్లల శస్త్రవైద్యులు ఉన్నారు.

మరి రోబోటు దండగా అంటే, కాదు. కటిలోపల ఇరుకు చోటులో మూత్రానికి, మలానికి సంబంధించిన సన్నని నరాలను కాపాడుకుంటూ విడదీయవలసి వచ్చినప్పుడు ఆ చూపు, ఆ మణికట్టు అక్కరకొస్తాయి. కాస్త పెద్దయిన పిల్లలకు, మొదటి ఆపరేషను సరిగా కుదరక మళ్లీ చేయవలసినవారికి దాని వలన మేలుండవచ్చు. కాని మామూలు పద్ధతి కంటే బిడ్డ భవిష్యత్తు దీనివలన బాగుంటుందని ఇంతవరకు గట్టిగా రుజువు కాలేదు, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. చేను అమ్మవద్దని ఆ తండ్రికి చెప్పాను. రోబోటు ఉందా అని కాక, ఇటువంటి పిల్లలకు ఎన్ని ఆపరేషన్లు చేశారు అని డాక్టరుగారిని అడగమన్నాను. అలా అడిగితే మంచి డాక్టరు ఎవరూ కోపగించుకోరు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం రెండు తెలుగు రాష్ట్రాలలోను నడుస్తున్నది, ఆంధ్రలో పేరు మారింది. కార్డు వెంట తీసుకొనిపోయి ఈ ఆపరేషను సంగతి ఆసుపత్రిలోని ఆ పథకం మనిషినే అడగండి.

నా మట్టుకు నాకు మిషను కంటే పెద్ద సంగతి మరొకటున్నది. అది మన ఇళ్లలోనే జరుగుతున్నది. పుట్టిన బిడ్డ ఒక రోజులో, మహా అయితే రెండు రోజులలో, నల్లని జిగట మలం వెళ్లాలి. వెళ్లకపోతే మనవాళ్లు ఆముదం నాకిస్తారు, తమలపాకు తొడిమో సబ్బు ముక్కో పెడతారు. అప్పుడు ఒక్కసారిగా గాలి, మలం చిమ్ముకొని వస్తాయి. కడుపు దిగిపోతుంది. "చూశావా, పోయింది" అంటుంది నాయనమ్మ. ఆమె ప్రేమకు వంక పెట్టలేము గాని ఆ ఉపశమనమే జబ్బును దాచిపెడుతుంది. మళ్లీ ఉబ్బుతుంది, మళ్లీ తొడిమ. నెలలు గడుస్తాయి. బిడ్డ పాలు త్రాగడు, పచ్చగా కక్కుతాడు, ఒళ్లు చేయడు. రెండు రోజులు దాటగానే ఏ.ఎన్.ఎం. అమ్మకు చెప్పి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. చివరి పేగులోనుండి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే నరాలున్నదీ లేనిదీ తేలిపోతుంది.

కోడలు ఏమి తిన్నదో, ఎవరి పాపమో అని వెదకవద్దు. పుట్టుగుడ్డివానిని చూసి శిష్యులు అడిగిన ప్రశ్ననే మనమూ అడుగుతున్నాము, ప్రభువు దానికి ఒప్పుకోలేదు గదా. కొన్ని కుటుంబాలలో 'రెట్' అనే జన్యువులోని మార్పు దీనికి కారణమని 1994లో కనుగొన్నారు. అది తల్లి తప్పూ కాదు, తండ్రి తప్పూ కాదు.

కొందరికి ముందు కడుపు మీద దారి చేసి సంచి పెడతారు, తరువాత అసలు ఆపరేషను. సంచి చూసి భయపడి బిడ్డను దాచిపెట్టకండి, గుడికి తీసుకురండి. ఆపరేషను ఏ పద్ధతిలో చేసినా తరువాత కొన్నేళ్లు కనిపెట్టి ఉండాలి. కొందరికి మలబద్ధకం, కొందరికి బట్టలలో మరకలు ఉంటాయి. బడిలో టీచరుగారికి ముందే చెప్పి ఉంచండి. జ్వరం, కడుపుబ్బు, దుర్వాసనతో నీళ్ల విరేచనాలు ఒకేసారి వస్తే అది పేగు వాపు కావచ్చు. ఆపరేషను బాగా అయిన పిల్లలకు కూడా రావచ్చు, గంటలలోనే ప్రాణం మీదికి తేవచ్చు. విరేచనాల మాత్ర ఇచ్చి తెల్లవారేదాకా చూడవద్దు. అర్ధరాత్రి అయినా 108కి ఫోను చేసి, ఆపరేషను కాగితాలు సంచిలో పెట్టుకొని బయలుదేరండి.