మాస్టారి ముచ్చట్లు: ఏడు రూపాయల లెక్క



కిందటి నెల ఒక పాఠకుడు నన్ను చిక్కుప్రశ్న అడిగాడు. "మాస్టారూ, ధర్మకార్యానికి డబ్బు పోగుచెయ్యటానికి కొందరు వందల కిలోమీటర్లు సైకిలు తొక్కుతారట. తొక్కితే డబ్బెలా వస్తుంది? ఇచ్చేవాళ్ళు ఊరికే ఇయ్యకూడదా?" అని.

ఇయ్యవచ్చు. కాని ఏం జరిగిందో వినండి.

2010 జనవరి 12న హైతీ దేశంలో ఘోరమైన భూకంపం వచ్చింది. లండన్‌లో ఏడేళ్ళ కుర్రవాడొకడికి ఆ సంగతి తెలిసింది. అక్కడి పిల్లలకోసం 500 పౌన్లు పోగుచెయ్యాలనుకున్నాడు. ఇంటి దగ్గరి పార్కులో అయిదు మైళ్ళు, అంటే సుమారు 8 కిలోమీటర్లు, సైకిలు తొక్కుతానన్నాడు. పెద్దవాళ్ళకు అదేమంత దూరం? కాని ఏడేళ్ళ కాళ్ళకు అది చాలా దూరమే. పసివాడు కష్టపడుతూంటే చూస్తూ కూర్చోవటానికి జనానికి మనసొప్పలేదు. 500 అనుకున్నది రెండు లక్షల పౌన్లు దాటింది!

చూశారా? తొక్కేవాడు ముందు తన కష్టం తాను ఇస్తాడు. ఆ తరవాతనే ఇతరులను అడుగుతాడు.

అమెరికాలో బిల్లీ స్టార్ అనే ఆయన ఉన్నాడు. 1974లో ఆయన తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. 1980లో ఆయన మిత్రులను వెంటబెట్టుకుని మాసచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న ప్రావిన్స్‌టౌన్ దాకా సైకిళ్ళమీద వెళ్ళాడు. పోగయిన 10,200 డాలర్లూ డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు ఇచ్చారు. నాటినుంచి ఆ యాత్ర ఏటా సాగుతున్నది. దాని పేరు పాన్-మాస్ ఛాలెంజ్. 2024 నాటికి అది తెచ్చిపెట్టిన డబ్బు మొత్తం నూరు కోట్ల డాలర్లు దాటింది. ఇప్పుడు తొక్కేవాళ్ళు తెచ్చిన ప్రతి డాలరూ ఆ సంస్థకే చేరుతుంది. యాత్ర ఖర్చులకు డబ్బు వేరే దారిన సమకూర్చుకుంటారు. జనానికి నమ్మకం కలిగిందంటే కలగదూ మరి!

దూరం తొక్కేవాడికి బలంకన్నా నిదానం ముఖ్యం. సైకిలుకు గాలి అడ్డుపడుతుంది. వేగం రెట్టింపు చేస్తే గాలి అడ్డు రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. అందుకే మొదట ఉరికినవాడు మధ్యలో చతికిలబడతాడు.

అలా చతికిలబడినవాణ్ణి ఒకణ్ణి నేనెరుగుదును. చాలా ఏళ్ళ కిందట మా బడి బంట్రోతు కంటి ఆపరేషన్‌కని పెద్ద తరగతుల పిల్లలు కాలవగట్టు వెంట 25 కిలోమీటర్లు తొక్కారు. కిలోమీటరుకు రూపాయి చొప్పున ఇస్తామని ఊళ్ళోవాళ్ళు మాట ఇచ్చారు. ఒక కుర్రవాడు మొదట్లోనే అందరినీ దాటి దూసుకుపోయాడు. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేసి కూలబడ్డాడు. వాణ్ణీ, వాడి సైకిలునూ ఎద్దుబండిలో ఇంటికి చేర్చాం.

మర్నాడు కిరాణాకొట్టు యజమాని వాడి చేతిలో పాతిక రూపాయలు పెట్టాడు. వాడు ఏడు రూపాయలు తిరిగి ఇచ్చేస్తూ, "నేను తొక్కింది పద్దెనిమిదేనండీ" అన్నాడు.

తోటిపిల్లలు మండిపడ్డారు. "కళ్ళు కనబడని మనిషికి ఏడు రూపాయలు పోగొట్టాడండీ!" అని నాతో ఫిర్యాదు చేశారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆపరేషన్‌కు ఇంకా డబ్బు తక్కువగానే ఉంది. ఆ ముసలాయన ముఖం నా కళ్ళముందు మెదిలింది. చివరకు ఇలా అన్నాను: "ఆయన ఆ ఏడూ దానంగా ఇస్తే కళ్ళకద్దుకుని పుచ్చుకుందాం. తొక్కని దూరానికి కూలి మాత్రం పుచ్చుకోవద్దు." తక్కువపడిన డబ్బు ఉపాధ్యాయులం తలా కాస్త వేసుకున్నాం.

మరుసటి ఏడు మరో పనికోసం చందా పుస్తకం పట్టుకుని అదే కొట్టుకు వెళ్ళాం. ఆయన ఎంత దూరం తొక్కుతారని కూడా అడగలేదు. యాభై రూపాయలు తీసి, "మీ పిల్లల లెక్క నాకు తెలుసులెండి" అన్నాడు.

ఇలాంటి యాత్ర మీరూ చెయ్యాలనుకుంటే పెద్దవాళ్ళను తోడు తీసుకోండి. తలకు హెల్మెట్ పెట్టుకోండి. రోజూ కొంచెం కొంచెం దూరం పెంచుకుంటూ సాధన చెయ్యండి. చందా ఇచ్చినవాళ్ళకు పైసలతో సహా లెక్క చూపించండి.

ఆ కుర్రవాడి స్థానంలో మీరుంటే ఏం చేసి ఉండేవారు? ఈ రాత్రి అన్నాలదగ్గర అమ్మానాన్నలతో మాట్లాడి చూడండి.

మీ మాస్టారు