పోటీలో మర్యాద

2008 అక్టోబరు 10వ తేదీ. అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ఇక ఇరవై అయిదు రోజులే గడువుంది. మిన్నెసోటా రాష్ట్రంలోని లేక్‌విల్ పట్టణంలో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి జాన్ మెకెయిన్ సభ జరుగుతోంది. వచ్చినవారంతా ఆయన పక్షం వారే. వారిలో ఒకాయన లేచి, డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి బరాక్ ఒబామా గెలిస్తే పుట్టబోయే బిడ్డను ఈ దేశంలో పెంచడానికే భయంగా ఉందన్నాడు. ఒబామా మర్యాదస్తుడనీ, ఆయన అధ్యక్షుడైనా భయపడవలసిన పని లేదనీ మెకెయిన్ జవాబిచ్చారు. వెంటనే సభలో గేలి కేకలు లేచాయి. తమ నాయకుణ్ణి తమవారే గేలి చేశారు!

మరికొంతసేపటికి ఒక పెద్దావిడ మైకు అందుకొని, ఒబామాను నమ్మలేననీ, ఆయన అరబ్బు అనీ అంది. మెకెయిన్ తల అడ్డంగా ఊపి, మైకు తన చేతిలోకి తీసుకొని, అది నిజం కాదన్నారు. ఒబామా మంచి కుటుంబీకుడనీ, ఈ దేశ పౌరుడనీ, కొన్ని మౌలిక విషయాల్లో తనకూ ఆయనకూ అభిప్రాయభేదాలున్నాయనీ, ఈ పోటీ అంతా వాటి గురించేననీ చెప్పారు.

ప్రత్యర్థి ఎదురుగా నిలిచినప్పుడు నవ్వుతూ చేయి కలపడం ఎవరికైనా సాధ్యమే. అది సభామర్యాద. ప్రత్యర్థి అక్కడ లేనప్పుడు, ఎదురుగా ఉన్నవారంతా అతణ్ణి తిడితే చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నప్పుడు, ఒక అబద్ధం తనకు ఓట్లు తెచ్చేలా ఉన్నప్పుడు ఏం చేస్తాడన్నదే అభ్యర్థికి అసలు పరీక్ష. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు అన్నారు. ఎన్నికల్లో నిలబడినవాడికి నోరు ఒక్కటే ఉండదు. అనుచరుల నోళ్లన్నీ అతని నోళ్లే. తన నోటిని అదుపులో పెట్టుకొని, తక్కిన నోళ్లను వాటి మానాన వదిలేసేవాణ్ణి మర్యాదస్తుడని ఎలా అనగలం?

అయితే మెకెయిన్ ప్రచారం మచ్చలేనిదేమీ కాదు. ఒబామాకు ఉగ్రవాదులతో చెలిమి ఉందని ఆ నెల మొదట్లోనే ఆరోపించిన సారా పాలిన్, మెకెయిన్ తానే ఎంచుకున్న ఉపాధ్యక్ష అభ్యర్థి. ఆ సభలోని భయాలు ఊరికే పుట్టినవి కావు. తన పక్షంవారు రాజేసిన మంట మీద ఆయన ఒక చెంబెడు నీళ్లు పోశారు, అంతే. కానీ ఆ చెంబెడు కూడా పోయనివారే ఎక్కువమంది.

ఆయన జవాబులోనూ ఒక లోపం ఉంది. అరబ్బు కాదు, మంచివాడు అన్నట్లుగా అది వినిపిస్తుంది. అరబ్బులు మంచి కుటుంబీకులు కారా? ఆ రోజుల్లో ఒబామా ముస్లిం అనే వదంతి కూడా దేశమంతటా తిరుగుతుండేది. మెకెయిన్ పార్టీకే చెందిన మాజీ విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ అక్టోబరు 19న ఒక టెలివిజన్ కార్యక్రమంలో ఆ వదంతిని ప్రస్తావించారు. ఒబామా క్రైస్తవుడే, కానీ ముస్లిం అయితే మాత్రం తప్పేమిటని సూటిగా అడిగారు. అమెరికా కోసం ప్రాణమిచ్చిన ఒక ముస్లిం యువసైనికుడి సమాధి దగ్గర కూర్చున్న తల్లి ఫోటోను గుర్తు చేశారు. ఒక మనిషిని కాపాడబోయి ఒక జాతినో, మతాన్నో కించపరచకూడదన్న ఎరుక కూడా మర్యాదలో భాగమే. లేక్‌విల్‌లో, ఆ క్షణంలో, మెకెయిన్‌కు అది తట్టినట్లు లేదు.

ఈ బాధ మెకెయిన్‌కు కొత్త కాదు. 2000 సంవత్సరంలో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిత్వం కోసం ఆయన జార్జ్ డబ్ల్యూ. బుష్‌తో పోటీపడ్డారు. సౌత్ కరొలినా రాష్ట్రంలో ఓటింగుకు ముందు టెలిఫోనుల్లో, కరపత్రాల్లో ఆయన కుటుంబం మీద నీచమైన పుకార్లు తిరిగాయి. బంగ్లాదేశ్‌లోని ఒక అనాథాశ్రమం నుంచి తెచ్చి పెంచుకుంటున్న చిన్నపిల్లను కూడా ఆ పుకార్లు విడిచిపెట్టలేదు. మెకెయిన్ ఆ రాష్ట్రంలో ఓడిపోయారు.

ఊరూ పేరూ లేని కరపత్రం అమెరికా సొత్తేమీ కాదు. 1969లో భారత రాష్ట్రపతి పదవికి జరిగిన పోటీలో ప్రధాన ప్రత్యర్థులిద్దరూ తెలుగువారే. ఒకరు నేటి ఒడిశాలోని బరంపురంలో పుట్టిన వి.వి. గిరి. మరొకరు అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. ఓటర్లు పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు మాత్రమే. అంతటి పెద్దల ఎన్నికలోనూ సంజీవరెడ్డి శీలం మీద బురద చల్లే ఒక కరపత్రం పార్లమెంటు సెంట్రల్ హాలులో చేతులు మారింది. దాని మీద రాసినవారి సంతకం లేదు. గిరి 4,20,077 ఓట్ల విలువతో గెలిచారు. సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి.

ఎన్నిక చెల్లదంటూ కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాష్ట్రపతి భవన్‌లోనే వాంగ్మూలం ఇచ్చే వీలున్నా గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అలా రావడం అదే మొదటిసారి. కరపత్రంలో గిరి ప్రమేయం రుజువు కాలేదని 1970లో కోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసింది. న్యాయస్థానం చేయగలిగింది అంతే. ఎవరు చేయించారని చట్టం అడగగలదు. సెంట్రల్ హాలులో ఆ కాగితం చేతికందినప్పుడు చించి పారేయకుండా పక్కవారికి ఎందుకు అందించారని అంతమంది సభ్యులను ఏ చట్టం అడుగుతుంది? ఎనిమిదేళ్ల తర్వాత, 1977లో, అదే సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు.

మర్యాద పాటిస్తే విమర్శ పదును తగ్గుతుందనీ, ప్రత్యర్థి తప్పులు కప్పిపుచ్చినట్లవుతుందనీ వాదించేవారున్నారు. ఈ వాదం నిలవదు. ఒబామా పన్నుల విధానాన్ని మెకెయిన్ ఎండగట్టారు. ఓడిన తర్వాత కూడా సెనేటులో ఆయన ఆరోగ్య బీమా చట్టానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆధారం చూపి చేసే విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా అమర్యాద కాదు. ఆధారం అక్కరలేనిది పుకారు మాత్రమే.

2008 నవంబరు 4 రాత్రి అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో మెకెయిన్ ఓటమిని అంగీకరించారు. ఒబామా పేరు వినగానే జనం మళ్లీ గేలి చేయబోయారు. ఆయన చేయెత్తి వారించారు. నూరేళ్ల క్రితం బుకర్ టి. వాషింగ్టన్ అనే నల్లజాతి నాయకుణ్ణి వైట్‌హౌస్‌లో భోజనానికి పిలిస్తేనే దేశంలో గగ్గోలు పుట్టిందనీ, ఆ దేశమే ఇప్పుడు నల్లజాతీయుణ్ణి అధ్యక్షునిగా ఎన్నుకుందనీ గుర్తు చేశారు. ఎన్నికకు ముందే కన్నుమూసిన ఒబామా అమ్మమ్మకు సంతాపం తెలిపారు. ఓటమి తనదేననీ, అనుచరులది కాదనీ అన్నారు. ఇదంతా మామూలు లాంఛనమేనని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 2020లో ఓడిన డొనాల్డ్ ట్రంప్ ఫలితాన్ని ఒప్పుకోకపోవడం, 2021 జనవరి 6న జనం పార్లమెంటు భవనం మీద పడటం చూశాక గాని ఆ లాంఛనం విలువ తెలియలేదు.

మెకెయిన్ 2018 ఆగస్టు 25న మరణించారు. సెప్టెంబరు 1న వాషింగ్టన్‌లోని పెద్ద చర్చిలో జరిగిన సంస్మరణలో ఇద్దరు మాజీ అధ్యక్షులు మాట్లాడారు. ఒకరు 2000లో ఆయనను ఓడించిన బుష్, మరొకరు 2008లో ఓడించిన ఒబామా. తన గురించి వారిద్దరూ మాట్లాడాలని మెకెయిన్ బతికుండగానే వారిని అడిగి ఒప్పించుకున్నారు.